‘చాలినంత బిగించండి’ అంటే ఎంత? నా కారు రిపేరు ఛానల్ అనుభవం

2023 వానాకాలంలో ఒక ఆదివారం హిందూపురం నుంచి తిరిగొస్తుంటే, గౌరిబిదనూరు దాటాక మా ఆల్టో మిస్సింగ్ మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే బండి దగ్గినట్టు ఊగడం, పికప్ పడిపోవడం. వెనక సీట్లో మా ఆవిడ, రెండేళ్ల పాప. టెన్షన్ పడుతూనే ముప్పై, నలభై స్పీడులో ఎలాగో బెంగళూరు చేరాం. మర్నాడు కె.ఆర్. పురంలో మా వీధి చివర ఉన్న గ్యారేజీకి బండి తీసుకెళ్లాను.

అక్కడి మెకానిక్ అన్న సొంతూరు చింతామణి. కర్ణాటకే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి బానెట్ అంచు మీద వరసగా పెట్టాడు. రెండింటి మూతులు లేత గోధుమ రంగులో ఉన్నాయి. మూడోది మసి పట్టి నల్లగా ఉంది. కొత్తవి తెప్పించి, రెండు తను బిగించి, మూడోది నా చేతిలో పెట్టాడు.

“ముందు పానా ముట్టుకోకండి సార్. వేళ్లతోనే తిప్పండి. నీళ్ల బాటిల్ మూత ఎలా తిరుగుతుందో అలా తిరగాల. ఎక్కడన్నా పట్టేస్తే ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ మొదట్నుంచి రండి.”

తిప్పాను. రెండో చుట్టులో కొంచెం పట్టింది. వెనక్కి తిప్పాను. ప్లగ్గు ‘టిక్’మని మరలో, అంటే థ్రెడ్‌లో, కూర్చున్నట్టు వేలికి తెలిసింది. ఆ తరవాత ఏ బలమూ లేకుండా చివరిదాకా వెళ్లిపోయింది. వేళ్లకి ఇక తిరగనప్పుడు పానా ఇచ్చి, “అర చుట్టు. అంతే. ఇంకా తిప్పితే ఇంజిన్ హెడ్‌లో మర పోతది, అల్యూమినియం కదా” అన్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, అదే పనిని వీడియోల్లో వెతికాను. ఇంగ్లిషులో చూసినవాటిలో “స్నగ్ అయ్యేదాకా” అన్నారు. హిందీలో “అచ్ఛే సే టైట్ కర్ దో” అన్నారు. నాకు కనిపించిన తెలుగు వీడియోలో “చాలినంత బిగించండి” అన్నారు. చెప్పినవాళ్లందరికీ పని బాగా తెలుసు, అది వాళ్ల చేతుల్లోనే కనిపిస్తోంది. కానీ జీవితంలో ఒక్క నట్టు కూడా విప్పని మనిషికి ‘చాలినంత’ అంటే ఎంతో ఎలా తెలుస్తుంది? ఆ ‘టిక్’ గురించి, ఆ అర చుట్టు గురించి చెప్పేవాళ్లు కావాలనిపించింది. ఛానల్ ఆలోచన అక్కడ పుట్టింది. నేను మెకానిక్‌ని కాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. నేర్చుకున్నది మరిచిపోకముందే, ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి చూపించగలను, అదొక్కటే నా దగ్గర ఉన్నది.

మొదటి వీడియో ఎయిర్ ఫిల్టర్ మీద. డిసెంబరులో తీశాను. క్లిప్పులు విప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి మూత వేయడమే, పది నిమిషాల పని. షూటింగ్ మాత్రం మూడు వారాలు పట్టింది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉంది. పగలు తీస్తే నీళ్ల మోటారు, రాత్రి తీస్తే చీకటి. ఫోన్ మూడు అడుగుల దూరంలో పెడితే నా గొంతు గుహలోంచి వచ్చినట్టు వినిపించింది. కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు కొన్నాక గాని దారిన పడలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్నడిగితే, కెమెరా కొనొద్దు, ముందు మైకు కొనండి అంటాను. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట అర్థం కాకపోతే వెళ్లిపోతారు. రెండోది, అయస్కాంతంతో బానెట్ లోపలికి అతుక్కునే ఎల్‌ఈడీ లైటు. ఫోన్ లైటు వాడితే చెయ్యి నీడ సరిగ్గా చూడాల్సిన చోటే పడుతుంది.

అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లి ముందే అడిగాను. ఆయన రెండు షరతులు పెట్టారు. నేల మీద ఆయిల్ చుక్క పడకూడదు, ఆదివారం ఎనిమిది లోపు ముగించాలి. అప్పట్నుంచి ఉదయం ఆరుకి దిగి, కింద పాత ఫ్లెక్సీ పరిచి, దాని మీద అట్టలు వేసుకుని మొదలుపెడుతున్నాను. ఆయిల్ మార్చినప్పుడు పాత ఆయిల్‌ని క్యాన్‌లో పోసి మెకానిక్ అన్నకి ఇచ్చేస్తాను. ఆయన దగ్గర డ్రమ్ము నిండాక, రీసైక్లింగ్ వాళ్లు వచ్చి పట్టుకెళతారు. వాడిన ఆయిల్ మన దేశంలో ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, డ్రైనేజీలో పోయకూడదు. ఆయిల్ వీడియోలో అన్నిటికంటే ఎక్కువసేపు దీని గురించే మాట్లాడాను. మా పక్కనున్న చెరువుల పరిస్థితి రోజూ చూస్తూ అది చెప్పకుండా ఉండలేకపోయాను.

నేను ఊహించనంత కష్టపెట్టింది భాష. మొదటి వీడియోకి రాసుకున్న స్క్రిప్టులో పుస్తకాల తెలుగు వాడాను. మా ఆవిడ చదివి, “ఇది ఎవరికి చెప్తున్నావ్?” అని అడిగింది. మళ్లీ గ్యారేజీకి వెళ్లి ఒక శనివారమంతా ఊరికే కూర్చుని విన్నాను. స్పానర్‌ని పానా అంటున్నారు, ‘పది పన్నెండు పానా అందుకో’ అని. థ్రెడ్‌ని మర అంటున్నారు. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే భాగాన్ని చాంబర్ అంటున్నారు, మాన్యువల్లో దానిపేరు ఆయిల్ పాన్. స్టార్టర్ మోటారు వాళ్లకి ‘సెల్ఫ్’. బూట్ స్పేస్ ‘డిక్కీ’, స్పేర్ చక్రం ‘స్టెప్నీ’. ఇవన్నీ మన నాన్నలూ మామయ్యలూ వాడే మాటలే. అప్పట్నుంచి వీడియోలో రెండూ చెప్తున్నాను. షాపులో అడగాల్సిన పేరు ఒకటి, మాన్యువల్లో కనిపించే పేరు ఒకటి.

కుడి, ఎడమల సంగతి కూడా అంతే. బానెట్ ముందు నిలబడి నేను “కుడి వైపు” అంటే, చూసేవాళ్లకి ఏ కుడి? బండి విషయంలో కుడి, ఎడమ ఎప్పుడూ డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషివి. స్పేర్ పార్టుల షాపులో ‘ఎడమ హెడ్‌లైట్’ అన్నా అదే లెక్క. ఇది తెలియక ఒక వీడియోలో మూడుసార్లు తిరగేసి చెప్పాను. దాన్ని తీసేసి కొత్తగా పెట్టాను. నట్టు విప్పే దిక్కు కూడా అలాగే తికమక పెడుతుంది. నట్టు తల మనవైపు ఉంటే గడియారం ముల్లుకి ఎదురు తిప్పితే విడుతుంది. అదే నట్టుని పైనుంచి వంగి, దాని వెనక వైపు నుంచి అందుకుంటే, చేతికి దిక్కు తారుమారైనట్టుంటుంది. అందుకే ఇప్పుడు మాటతో చెప్పకుండా నట్టు మీద సుద్దముక్కతో బాణం గీసి చూపిస్తున్నాను.

అయిదో వీడియో చక్రం మార్చడం. అది నన్ను పూర్తిగా మార్చేసింది కాబట్టి దాని గురించి వివరంగా రాయాలి.

2024 ఫిబ్రవరిలో పెట్టాను. అందులో అన్నీ సరిగ్గానే చెప్పాననుకున్నాను. హ్యాండ్‌బ్రేక్ వేయాలి. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లు కాస్త లూజు చేయాలి, గాల్లో ఉంటే చక్రం తిరిగిపోతుంది, బలం పెడితే బండి ఊగుతుంది. జాకీని తలుపు కింద అంచు దగ్గర ఉన్న రెండు గాట్ల మధ్యే పెట్టాలి. నట్లు బిగించేటప్పుడు పక్కపక్కన బిగించుకుంటూ పోకుండా ఎదురెదురుగా బిగించాలి. ఇవన్నీ ఉన్నాయి. కానీ మధ్యలో, బండి జాకీ మీద ఉన్నప్పుడు, ‘గాట్లు ఇవే చూడండి’ అంటూ నేను వంగి, తల, భుజం బండి కిందికి పెట్టిన షాట్ ఒకటి ఉంది. సుమారు పది సెకన్లు. ఎడిట్ చేస్తున్నప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

మార్చిలో ఒక సాయంత్రం ఆఫీసులో ఉండగా చిన్నాయన దగ్గర్నుంచి వీడియో కాల్. హిందూపురంలో ఉంటాడు. పాత వ్యాన్ ఒకటి ఉంది, పాల డబ్బాలకి వాడుకుంటాడు. నా ఛానల్‌లో ప్రతి వీడియో చూసి, ఊళ్లో అందరికీ పంపేది ఆయనే.

“రేయ్ నాయనా, నీ వీడియో చూసి చక్రం నేనే మార్చినా. ఇదో, కింద ఆయిల్ కారతాండాది చూడు.”

ఫోన్‌లో బండి అడుగు భాగం కనిపిస్తోంది. ఫోన్ కదిలినప్పుడు పక్కనే జాకీ. ఆయన బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“చిన్నాయనా, బయటికి రా.”

“ఈ నల్ల మరక చూడు, ఇది...”

“చిన్నాయనా, ఏం మాట్లాడొద్దు. ఫోన్ అక్కడే వదిలేసి బయటికి రా. ఇప్పుడే.”

నా గొంతు విని, కాళ్లతో నేలని తన్నుకుంటూ వెనక్కి జరిగాడు. వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. బయటికొచ్చాక ఫోన్ తీసి జాకీ చూపించమన్నాను. అది మట్టి నేల. పొద్దున పశువుల కోసం నీళ్లు పోసిన చోటు. జాకీ అడుగు ఒకవైపు రెండు వేళ్ల లోతు దిగబడి, మొత్తం పక్కకి ఒరిగి ఉంది.

“ఎందుకు పోయినావు చిన్నాయనా కిందికి?”

“నువ్వు పోయినావు కదరా వీడియోలో.”

ఆయన కోప్పడలేదు, నన్ను తప్పుపట్టలేదు. ఉన్న మాట అన్నాడు. ఆ రాత్రే వీడియో తీసేశాను. అప్పటికి నా ఛానల్‌లో ఎక్కువమంది చూసింది అదే, దాదాపు రెండు వేల వ్యూస్. ఇంకా ఎంతమంది అది చూసి తల కింద పెట్టారో అన్న భయం ఇప్పటికీ పోలేదు. నోటితో వంద జాగ్రత్తలు చెప్పినా, చూసేవాళ్లు చేసేది చేతులతో మనం చేసిందే. ఇది చిన్నాయన నేర్పించిన పాఠం, ఏ వీడియో తీయబోయినా ముందు గుర్తొస్తుంది.

రెండు వారాలు ఏమీ తీయలేదు. మానేద్దామని కూడా అనుకున్నాను. మెకానిక్ అన్న దగ్గర కూర్చుని జరిగింది చెప్తే, ఆయన తన ఎడమ ముంజేయి మీద మచ్చ చూపించాడు. పదిహేడేళ్ల వయసులో జాకీ జారి అయిన గాయం. “మానేస్తే ఆ తప్పు వీడియో చూసినోళ్లకి సరైంది ఎవరు చూపిస్తారు సార్?” అన్నాడు.

ఒక శనివారం పొద్దున్నే కె.ఆర్. పురంలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగి జె.సి. రోడ్డుకి నడిచాను. బెంగళూరులో కారు పార్టులకి ఆ రోడ్డే. అద్దాలు, బంపర్లు, సీటు కవర్లు, హారన్లు, రోడ్డు పొడవునా అవే. ఆ సందుల్లో ఒక షాపులో జాక్ స్టాండ్‌ల జత కొన్నాను. ఇనుప ముక్కాలిపీటలా ఉంటాయి. మధ్య కడ్డీకి పళ్లుంటాయి, కావలసిన ఎత్తుకి లేపితే గొళ్లెం పళ్లలో పడి అక్కడే నిలుస్తుంది. జాకీ ఎత్తడానికి మాత్రమే, స్టాండు మోయడానికి. మా ఆల్టో దాదాపు ఏడు వందల కిలోలు. అంత బరువైన బండిని ఒక స్క్రూ మీద నిలబెట్టి కిందికి వెళ్లడం ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని.

కొత్త వీడియో ముందుదానికి రెట్టింపు నిడివి వచ్చింది. హ్యాండ్‌బ్రేక్, గేరు గురించి మొదటిసారి నాకే సరిగ్గా అర్థమైన సంగతి అందులో చెప్పాను. మా బండిలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది. గేరులో ఉంచితే పట్టేది ముందు చక్రాలని. ముందు చక్రం ఒకటి గాల్లోకి లేచిందనుకోండి, డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల ఆ చక్రం ఉత్తినే తిరిగిపోతుంది, కాబట్టి నేల మీదున్న రెండో ముందు చక్రానికి గేరు పట్టు ఉండదు. బండిని ఆపేది ఇక హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. వెనక చక్రం లేపితే హ్యాండ్‌బ్రేక్ పట్టు సగానికి పడిపోతుంది. అందుకే, ఎత్తే చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఇదంతా పాప ఆడుకునే చిన్న బొమ్మ కారుతో చూపించాను. మట్టి నేల మీద అయితే జాకీ కింద మందపాటి చెక్క పలక వేయాలి. దాన్ని చూపించడానికే ఒక ఆదివారం హిందూపురం వెళ్లి, చిన్నాయన వాకిట్లో, అదే చోట తీశాను. జాకీ దిగబడిన గుంట ఇంకా అలాగే ఉంది. దాన్ని దగ్గర్నుంచి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. చిన్నాయన కెమెరా ముందు నిలబడి, “నేను పోయినా, మీరు పోవద్దండప్పా” అన్నాడు.

అప్పట్నుంచి ఏవి చేయాలి, ఏవి చేయకూడదు అన్న గీత గట్టిగా గీసుకున్నాను. వైపర్లు, ఫ్యూజులు, బల్బులు, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్యాటరీ టెర్మినల్స్, కూలెంట్ చూసుకోవడం, చక్రం మార్చడం, ఆయిల్ మార్చడం. ఇక్కడితో సరి. బ్రేకు పని చేయను. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్, స్టీరింగ్, పెట్రోలు పైపులు ముట్టుకోను. బ్రేకు షూలు మార్చడం చూపించమని చాలామంది అడిగారు. గ్యారేజీలో మెకానిక్ అన్న చేస్తుంటే పక్కన నిలబడి రెండుసార్లు చూశాను. నాకు అర్థమైంది. కానీ చూసిన పది మందిలో ఒకరు తప్పుగా బిగిస్తే, ఆ బండి ముందు రోడ్డు దాటేది ఎవరో తెలియదు. బ్రేకు ఆయిల్ తగ్గితే ఎందుకు తగ్గిందో మెకానిక్‌ని అడగండి అని మాత్రం చెప్తాను. షూలూ ప్యాడ్లూ అరిగినా తగ్గుతుంది, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. ఊరికే పైన పోసేసుకుంటే అసలు కారణం దాగిపోతుంది.

ప్లగ్గుల వీడియోకి చివరికి 2024 జూన్‌లో ధైర్యం చేశాను. నన్ను మొదలుపెట్టించిన పని అది. మర పక్కకి పోకుండా ఎక్కించడానికి మెకానిక్ అన్న చెప్పిన చిట్కా వాడాను. ప్లగ్గు తోకకి జానెడు రబ్బరు గొట్టం తొడిగి, గొట్టాన్ని వేళ్లతో తిప్పాలి. మర సరిగ్గా ఎక్కితే ప్లగ్గు తిరుగుతుంది, తప్పితే గొట్టం జారిపోతుంది, మర పాడవదు. వేళ్ల దగ్గరికి కెమెరా తెచ్చి, మొదట వెనక్కి తిప్పడం, ఆ ‘టిక్’, తరవాత చివరిదాకా తేలిగ్గా వెళ్లడం, అంతా ఒక్క కట్ లేకుండా తీశాను. మైకుని గొట్టం పక్కనే పెట్టాను. చెవి పెట్టి వింటే ‘టిక్’ వినిపిస్తుంది. ఆ తరవాత పానా పిడి మీద సుద్దగీత గీసి, కొత్త వాషర్ ఉన్న ప్లగ్గుకి అర చుట్టు ఎంతో చూపించాను. టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా, ఉన్నవాళ్లకి అంకె కూడా చెప్పాను. 14 మిల్లీమీటర్ల మర, అల్యూమినియం హెడ్ అయితే సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, మీ బండి మాన్యువల్లో ఏముందో అదే చివరి మాట. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

యూట్యూబ్‌లో మనం పెట్టిన వీడియోని జనం ఎక్కడెక్కడ చూశారో, ఎక్కడ వదిలేశారో చూపించే గీత ఒకటుంటుంది. మొదటి వీడియోల్లో ఆ గీత ముప్పై సెకన్లలోనే కొండ మీంచి జారినట్టు పడిపోయేది. నమస్కారం, నా పేరు, నా ఛానల్ అని మాట్లాడుతున్న చోట అన్నమాట. అది తీసేశాను, ఇప్పుడు పాడైన భాగాన్ని చేతిలో పట్టుకుని మొదలుపెడతాను. ప్లగ్గుల వీడియోలో ఆ గీత చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతటా మెల్లగా దిగుతూ వచ్చి, ఆ ‘టిక్’ దగ్గర పైకి లేచింది. అంటే జనం వెనక్కి వెళ్లి అదే చోటు మళ్లీ మళ్లీ చూస్తున్నారు. నాకు గ్యారేజీలో ఒక్కసారి దొరికింది, వాళ్లకి ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు దొరుకుతోంది.

లెక్కల గురించి అడిగేవాళ్లున్నారు కాబట్టి చెప్తాను. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి, లేదా తొంభై రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. ఏడాది పూర్తయ్యేసరికి నాకు 640 మంది సబ్‌స్క్రైబర్లు. ఖర్చు మాత్రం మైకు, లైటు, స్టాండులు, పానాల సెట్టు కలిపి పదకొండు వేలు దాటింది. ఉద్యోగం ఉంది కాబట్టి సరిపోయింది. దీని మీద బతుకుదామని వచ్చేవాళ్లు ఇది తెలుసుకుని రావాలి.

ఇప్పటికి పద్దెనిమిది వీడియోలు అయ్యాయి. తరవాతిది బ్యాటరీ టెర్మినల్స్ మీద. చిన్నాయన వ్యాన్ బ్యాటరీ మీద తెల్లటి పొడి పేరుకుపోయిందట, సెల్ఫ్ సరిగ్గా తిరగడం లేదట. వచ్చే ఆదివారం వస్తానని చెప్పి, నేను వచ్చేదాకా ఏమీ ముట్టుకోవద్దన్నాను. వంట సోడా, వేడినీళ్లు, పాత టూత్‌బ్రష్, పది నంబరు పానా సిద్ధంగా పెడతానన్నాడు. మైనస్ తీగ ముందు విప్పాలా, ప్లస్ తీగ ముందు విప్పాలా అని అడిగాడు. మైనస్ అని చెప్పాను. ఎందుకని అడిగాడు. బండి బాడీ మొత్తం మైనస్‌కే కలిసి ఉంటుంది చిన్నాయనా, ప్లస్ ముందు విప్పుతుంటే పానా బాడీకి తగిలిందా, షార్ట్ అయిపోయి నిప్పులు చిమ్ముతాయి అన్నాను. “ఇదే మాట వీడియోలో చెప్పు, నేను పానా పట్టుకోని దగ్గర్నుంచి చూపిస్తా” అన్నాడు. ఈసారి కెమెరా ముందు చేతులు ఆయనవే.